పొద్దుగాల కడుపునొప్పి, సాయంత్రం లొల్లి: పదకొండేళ్ల పాప కేసు

పిల్లల కౌన్సెలర్‌గా నేను చూసిన ఈ కేసు రాస్తానని అడిగితే తల్లిదండ్రులు వెంటనే సరేనన్నారు. పాప మాత్రం మూడు షరతులు పెట్టింది: ఊరి పేరు వద్దు, బడి పేరు వద్దు, బస్సు రంగు వద్దు. మూడూ పాటించాను. బస్సులో పిల్లలు ఆమెకు పెట్టిన వంకపేరును కూడా కొద్దిగా మార్చాను. తల్లి బట్టలు కుట్టే పనిని మాత్రం మార్చలేదు. అది తీసేస్తే కేసులో సగం పోతుంది. నల్లగొండ జిల్లాలో బ్లౌజులు కుట్టే తల్లులు వాడకు నలుగురుంటారు కాబట్టి ఆనవాలు పట్టే భయమూ లేదు.

నేపథ్యం

పాపకు 11 ఏళ్ల 4 నెలలు, ఆరో తరగతి. సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు కింద ఒక ఊరు. ఐదో తరగతి దాకా ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో చదివింది, ఇంటి నుంచి ఐదు నిమిషాల నడక. జూన్‌లో మండల కేంద్రంలోని ప్రైవేటు బడిలో వేశారు. బస్సు పొద్దున 7:35కి వస్తుంది, సాయంత్రం 4:40కి దింపుతుంది. తండ్రి వరికోత మిషన్ డ్రైవరు. యాసంగికీ వానాకాలానికీ కోతల మీద పడితే రెండేసి నెలలు ఇంట్లో ఉండడు. తల్లి ఇంట్లోనే మిషన్ కుడుతుంది. నానమ్మ, ఆరేళ్ల తమ్ముడు ఉన్నారు.

ఆషాఢంలో పాప పెద్దమనిషి అయింది. శ్రావణంలో ఫంక్షన్ చేశారు. మేనమామ పట్టుబట్టలు పెట్టాడు, ఊరి కమాను దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. నడుమ పాప ఫొటో, చుట్టూ బంధువులవీ ఇద్దరు ముగ్గురు నాయకులవీ. ఫొటోగ్రాఫరు డ్రోన్‌తో వీడియో తీసి తన ఛానల్లో పెట్టుకున్నాడు. ఈ వివరాలు మొదటి రోజు నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. "మెచ్యూర్ అయిందా?" అని అడిగి, "అయింది మేడం, ఆషాఢంల" అంటే ఫారంలో ఒక గడిలో టిక్కు పెట్టి ముందుకు పోయాను.

ఇంత తొందరగా ఎందుకైంది, బ్రాయిలర్ కోడి తిన్నందుకా అని తల్లి అడిగింది. ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా ఎదుగుదల మొదలుకావచ్చు. ఛాతీ ఎదగడం మొదలైన రెండు, రెండున్నరేళ్లకు సాధారణంగా మొదటి నెలసరి వస్తుంది. పదకొండేళ్లకు రావడం మామూలే. ఎనిమిదేళ్లలోపు ఆ గుర్తులు కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. కోళ్లకు హార్మోన్ సూదులేసి పెంచుతారన్నది ఉత్త మాట.

తల్లి చెప్పిన సమస్య

నవంబరు మధ్యలో వచ్చారు. తండ్రి కోతల్లో ఉన్నాడు, ఫోన్ స్పీకర్లో మాట్లాడాడు. తల్లి కుర్చీ అంచున కూర్చుని ఆగకుండా చెప్పింది. "దీనికి ఫోనే లోకమైంది మేడం. పొద్దుగాల లేస్తే కడుపునొస్తుందంటది. బస్సు పోయినంక మంచిగనే ఉంటది. ఏమన్న అంటే తలుపేసుకుంటది. తమ్మున్ని కొడుతది. మొన్న సస్తా అన్నది. అంతా ఆ ఫోన్‌తోనే." ఇంతలో ఫోన్ మాట రెండుసార్లు వచ్చింది.

ఆగస్టు నుంచి అప్పటికి 30 రోజులు బడి మానింది. దసరా సెలవుల్లో నొప్పి ఒక్కసారీ రాలేదు, సెలవులు అయిపోయే ముందు రాత్రి వచ్చింది. ఊళ్లో ఆర్ఎంపీ గ్యాసు గోలీలు ఇచ్చాడు, రెండుసార్లు సెలైన్ ఎక్కించాడు. పట్నంలో స్కానింగ్, మూత్ర పరీక్ష చేయిస్తే నార్మల్ వచ్చాయి. హిమోగ్లోబిన్ 10.4. ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనని తండ్రి నమ్మకం, అందుకే క్యాన్ నీళ్లు తెప్పిస్తున్నాడు. ఈ జిల్లాలో ఏ నొప్పి వచ్చినా ముందు నీళ్లనే అనుమానిస్తారు. కారణం ఉన్న అనుమానమే. కానీ ఆదివారాలు రాని నొప్పికి నీళ్లు జవాబు కావు.

మొదటి గంటను మూడు ముక్కలు చేశాను: తల్లితో 25 నిమిషాలు, పాపతో ఒంటరిగా 20, ఇద్దరితో కలిపి 15. బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, మలంలో రక్తం, జ్వరం, పచ్చని వాంతులు ఉన్నాయా అని అడిగాను. ఏదీ లేదు. ఉంటే నా దగ్గర ఆగకుండా డాక్టరు దగ్గరికే పంపేదాన్ని. ఎవరైనా ఇష్టం లేకుండా తాకారా అని తల్లి లేనప్పుడు సూటిగా అడిగాను. లేదంది. ఉందని చెబితే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయడం నా బాధ్యత అవుతుందన్న సంగతి ఆ ప్రశ్నకు ముందే పాపకు అర్థమయ్యేలా చెప్పాను. చెప్పాక మాట బయటపెడతామంటే పిల్లలకు మోసపోయినట్టుంటుంది.

"సస్తా" అన్న మాటనూ దాటవేయలేదు. ఎప్పుడనిపించింది, ఎట్లా అనిపించింది, ఏమైనా చేయబోయావా అని అడిగాను. అమ్మ మీద కోపంతో అన్నానని, అంతకుమించి ఏమీ లేదని చెప్పింది. నమ్మాను. అయినా ఇంట్లో పురుగుల మందు ఎక్కడుందని తల్లిని అడిగితే మెట్ల కింద అంది. ఆ రోజే ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేయించి, తాళంచెవి నానమ్మ బొడ్లో ఉంచమన్నాను. కోపంలో వచ్చే ఆలోచన పది నిమిషాలే ఉండొచ్చు, ఆ పది నిమిషాలు డబ్బా చేతికి అందకూడదు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద రాసిచ్చాను. ఇది చేయకుండా మిగతా పని మొదలుపెట్టను, ఏ కేసులోనైనా.

తప్పిన మూడు ప్రయత్నాలు

ఫిర్యాదులో ముందొచ్చిన ఫోన్‌నే చికిత్సలోనూ ముందు పెట్టాను. రోజుకు గంట, రాత్రి 9కి ఫోన్ హాల్లో ఛార్జింగుకు, వారాంతంలో గంటన్నర. కాగితం మీద రాసి ముగ్గురం సంతకాలు చేశాం. నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు పాప నానమ్మ ఫోన్ తీసుకుని బాత్రూంలో కూర్చుంది. తల్లి తలుపు కొట్టింది, తెరిచాక చెంపమీద కొట్టింది. పాప మళ్లీ లోపలికి పోయి రెండు గంటలు గడియ పెట్టుకుంది.

ఎందుకు తప్పిందో తర్వాత తెలిసింది. "రోజుకు ఎన్ని గంటలు చూస్తవు?" అని అడిగాను తప్ప "ఏం చూస్తవు?" అని అడగలేదు. ఆమె ఆటలు ఆడటం లేదు, రీల్స్ చూడటం లేదు. తన ఫంక్షన్ వీడియో కింద కొత్తగా ఎవరు ఏం రాశారో చూసుకుంటోంది. రోజులో పదిసార్లు. అట్లాంటి పిల్లకు గంట టైము పెడితే మిగతా 23 గంటలు కళ్లకు గంతలు కట్టినట్టే.

రెండోది చుక్కల పట్టిక. బడికి పోయిన రోజు ఒక నక్షత్రం, పది నక్షత్రాలకు ఒక బహుమతి. ఆరేళ్ల తమ్ముడికి భలే నచ్చింది, అక్కవి తన నోటుబుక్కులో అతికించుకున్నాడు. పాప ఆ పట్టికను చింపేసింది. ఏడెనిమిదేళ్ల పిల్లలతో పనిచేసే పద్ధతి పదకొండేళ్ల పిల్లకు అవమానంగా ఉంటుందని నాకు తెలియక కాదు. తల్లి ఏదో ఒకటి వెంటనే ఇవ్వమంటే చేతిలో ఉన్నది ఇచ్చాను.

మూడోది నా సలహా కాదు. ఫోన్లో తండ్రి, "ఇట్లనే చేస్తే హాస్టల్ల ఏస్తా" అన్నాడు. మరునాటి నుంచి పాప తిండి తగ్గించింది.

కొలతల బుక్కు

రెండో విజిట్‌లో సలహాలన్నీ ఆపేశాను. రెండు వారాలు ఏమీ మార్చొద్దు, రాయండి అన్నాను. ప్రత్యేకంగా డైరీ కొనొద్దన్నాను. కొత్త పుస్తకమైతే మూడో రోజుకు అటకెక్కుతుంది. తల్లి దగ్గర బ్లౌజుల కొలతల బుక్కు ఎట్లాగూ మిషన్ పక్కనే ఉంటుంది, పెన్నుకు దారం కట్టి. దాని వెనుక పేజీల్లో ఆరు గీతలు కొట్టించాను: నొప్పి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, నీళ్ల సీసాలో ఎంత మిగిలింది, దొడ్డికి పోయిందా, గొడవ ఎన్నింటికి, గొడవకు ముందు చివరి మాట ఎవరిది.

ఆఖరి గీత చూసి తల్లి నొచ్చుకుంది, తప్పు తన మీద వేస్తున్నానని. ఎవరిదైనా సరే, ఉన్న మాట ఉన్నట్టు రాయండి చాలన్నాను. ఒక రోజు ఇట్లా ఉంది:

"బుధ. నొప్పి 7.10, పోయింది 8.00. సీసా నిండుగ. దొడ్డి లేదు. లొల్లి 4.50. నేను: టిపిన్ బాక్సు ఏదే?"

పక్క పేజీలో ఎవరిదో చాతీ 36, చేతి పొడవు 9, గళ్లా వెనుక 8 అని ఉంది.

పద్నాలుగు రోజుల రాతలో మూడు సంగతులు బయటపడ్డాయి. దొడ్డికి పోయింది నాలుగుసార్లు. లీటరు నీళ్ల సీసా బడికి పోయిన ఆరు రోజుల్లో ఐదు రోజులు దాదాపు నిండుగానే తిరిగొచ్చింది. ఆ ఆరు రోజులూ గొడవ బస్సు దిగిన అరగంటలోపే జరిగింది. అందులో ఐదుసార్లు చివరి మాట తల్లి అడిగిన ప్రశ్న: బాక్సు ఏది, హోంవర్క్ ఎంత, మార్కులిచ్చిన్రా, జడ ఎందుకట్లైంది, ఎవరితో మాట్లాడుతున్నవు దిగేటప్పుడు.

పొద్దున ఏడింటికి మూత్రానికి పోయిన పిల్ల మళ్లీ 4:50కే పోతోంది. దాదాపు పది గంటలు. గడప దగ్గర చెప్పులు విడుస్తూ నిలబడ్డ ఆ పిల్లకు బాత్రూంకు పోవాలి, ఆకలి, దాహం. అప్పుడు తల్లి అడుగుతోంది, "టిఫిన్ బాక్సు ఏదే?" మొండితనమని మేమందరం పేరు పెట్టింది దీనికి.

మొదటి రోజు "మోషన్ ఫ్రీగా అవుతుందా?" అని తల్లి ముందే అడిగితే పాప తలూపింది. ఇప్పుడు ఏడు బొమ్మలున్న మలం చార్టు చూపించి, ఏదో వేలు పెట్టు చాలు, మాట అక్కర్లేదన్నాను. మేక పెంటికల్లాంటి మొదటి బొమ్మ మీద పెట్టింది. పిల్లల డాక్టరుకు చీటీ రాసి పంపాను. ఎడమ కింది పొట్టలో గట్టి మలం చేతికే తగిలిందని ఆయన రాశారు. స్కానింగ్ నార్మల్ అంటే మలబద్ధకం లేదని కాదు. మరి నొప్పి బడి రోజుల్లోనే ఎందుకు? నిండిన పేగు ఎప్పుడూ ఉంది, దానికి పొద్దుటి భయం తోడైన రోజు నొప్పి. రెండూ నిజమే. నేను భయం ఒక్కటే అనుకున్నాను, ఆర్ఎంపీ గ్యాసు ఒక్కటే అనుకున్నాడు.

బడి పటం

నీళ్లెందుకు తాగట్లేదని అడిగితే జవాబు రాదు. తెల్లకాగితం ఇచ్చి బడి పటం గీయమన్నాను: గేటు, క్లాసు, గ్రౌండు, బస్సు. రోజూ పోయే చోట్లకు పచ్చ చుక్క, పోని చోట్లకు ఎర్ర చుక్క. ఆడపిల్లల టాయిలెట్ల మీద, బస్సు వెనుక సీట్ల మీద ఎర్ర చుక్కలు పడ్డాయి. కాగితం చివర బడికి సంబంధం లేకుండా ఒక కమాను గీసి దానికీ ఎర్ర చుక్క పెట్టింది.

ఇదేందని అడిగాను.

"మా ఊరి కమాను. ఫ్లెక్సీ ఇంక తియ్యలే. రోజూ దాని కిందనే బస్సెక్కుత."

నాలుగు నెలలుగా ఎండకు వెలిసి, ఒక మూల చిరిగి, అది అక్కడే వేలాడుతోంది. బస్సు వెనుక సీట్లలో మగపిల్లలు "ఫ్లెక్సీ పిల్ల" అని పిలుస్తున్నారు. టాయిలెట్లు మూడుంటే రెండింటికి గడియ లేదు, మూడోదానికి ఇంటర్వెల్‌లో వరస. ప్యాడ్ వేసే బుట్ట ఎక్కడా లేదు. నెలసరి రోజుల్లో రెండు ప్యాడ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని సాయంత్రం దాకా అట్లాగే ఉంటోంది. ఒకటి నిండితే రెండోది ఆపుతుందని ఆమె లెక్క. పైది నిండితే పక్కలకు కారుతుంది తప్ప కిందిదానికి దిగదు, ఎందుకంటే ప్యాడ్ అడుగున ప్లాస్టిక్ ఉంటుంది. ఇది ఆమెకెవరూ చెప్పలేదు. పదకొండు రోజులు చాప మీద కూర్చోబెట్టి నువ్వులు, బెల్లం, కుడుకలు తినిపించారు, వచ్చినవాళ్లంతా అక్షింతలు వేశారు. ప్యాడ్ ఎప్పుడు మార్చాలో చెప్పడానికి ఎవరికీ తీరలేదు.

ఏం చేశాం, ఏ వరసలో

ఈసారి వరస మార్చాను. ముందు ఒళ్లు, తర్వాత బస్సు, బడి, ఆ తర్వాత ఇంట్లో మాటలు. ఫోన్ ఆఖరున.

పేగు ఖాళీ కావడానికి డాక్టరు నీళ్లలో కలుపుకుని తాగే పొడి రాశారు. మోతాదు బరువును బట్టి ఆయనే నిర్ణయించారు. సాగిన పేగు మామూలు కావడానికి వారాలు పడుతుంది, కాబట్టి కనీసం రెండు నెలలు వాడమన్నారు. నేను చూసింది టైము. పాప 7:15కి తిని 7:35కి బస్సెక్కుతోంది. తిన్న తర్వాత పేగు కదలిక పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే ఆమె బస్సులో ఉంటోంది. తిండిని 6:45కి జరిపాం. తిన్నాక పది నిమిషాలు బాత్రూంలో కూర్చోవాలి, వచ్చినా రాకున్నా, ఎవరూ తలుపు కొట్టొద్దు. నీళ్లు మూడు వాయిదాలు: ఇంట్లో లేవగానే ఒక గ్లాసు, బడిలో మధ్యాహ్నానికి సగం సీసా, బస్సెక్కే లోపు మిగతా సగం. రాత్రి వారానికి మూడుసార్లు జొన్నరొట్టె, రోజూ ఏదో ఒక ఆకుకూర, ఇంటి ముందు చెట్టు జామకాయ. నిద్ర కూడా చూశాం. ఈ వయసుకు 9 నుంచి 12 గంటలు కావాలి, ఆమె ఏడున్నర పడుకుంటోంది. రాత్రి 9కి మిషన్ ఆపమని తల్లిని అడిగాను, ఆ చప్పుడు పాప మంచం పక్కనే.

హిమోగ్లోబిన్ 10.4 అంటే ఈ వయసుకు రక్తహీనతే, 11.5 ఉండాలి. అయినా ఐరన్ గోలీలు వెంటనే మొదలుపెట్టలేదు. ఐరన్ మలాన్ని గట్టిపరుస్తుంది, పేగు నిండి ఉండగా ఇస్తే నొప్పి పెరిగి గోలీ మీదే కోపం వస్తుంది. డాక్టరుతో మాట్లాడి రెండు వారాలు ఆగాం. మలం నల్లగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పాం. గోలీ బత్తాయి రసంతో గానీ నిమ్మరసంతో గానీ వేసుకోవాలి, చాయ్‌తో కాదు. బడుల్లో వారానికొకటి ఇచ్చే నీలం గోలీ రక్తహీనత రాకుండా ఇచ్చేది. వచ్చాక అది చాలదు, రోజువారీ మోతాదు డాక్టరు రాయాలి.

నెలసరికి ఒక జిప్పు సంచి. తల్లే బ్లౌజు ముక్కలతో కుట్టింది. అందులో మూడు ప్యాడ్లు, ఒక చెడ్డీ, నాలుగు పాత పేపరు ముక్కలు, సబ్బు పేపరు. ప్యాడ్ నాలుగైదు గంటలకోసారి మార్చాలి, అంటే మధ్యాహ్నం అన్నం గంటలో ఒకసారి తప్పదు. మొదటి ఒకటి రెండేళ్లు నెలసరి తేదీ తప్పుతుంది, కాబట్టి సంచి రోజూ బ్యాగులోనే ఉండాలి. ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకే ప్యాడ్ నిండినా డాక్టరుకు చూపించాలి.

బడికి తల్లి చేత ఉత్తరం రాయించాను. నాలుగే కోరికలు, కారణం ఏమీ రాయకుండా: ఒక టాయిలెట్‌కు గడియ, ఒక మూతబుట్ట, క్లాసు మధ్యలో చెయ్యెత్తకుండా బయటికి పోయే అనుమతి, బస్సులో ముందు సీటు. ఎనిమిది రోజులు పట్టింది. అంతా గడియ దగ్గరే ఆగింది. వంద రూపాయలు కూడా కాని సామాను కోసం మేస్త్రీ రావాలన్నారు.

వంకపేరు విషయంలో ఇక్కడొక దెబ్బ తిన్నాం. సంగతి తెలిసిన టీచరు మంచి ఉద్దేశంతోనే క్లాసులో నిలబెట్టి మగపిల్లలను తిట్టింది. ఆ వారం పేరు వెనుక సీట్ల నుంచి బడంతా పాకింది. తర్వాత హెడ్‌మాస్టరు ఇద్దరు ముఖ్యమైన పిల్లలను మాత్రం విడివిడిగా, వాళ్ల ఇళ్లవాళ్లను పిలిపించి మాట్లాడారు. అది పనిచేసింది. పాపతో నేను ఒక్క మాట సాధన చేయించాను. ఏడవకుండా, గొంతు పెంచకుండా, "ఆ, నేనే. ఇంకేం?" అని మొహంలోకి చూసి చెప్పి తిరిగిపోవడం. మొదటి నాలుగుసార్లు నవ్వింది, ఐదోసారి ఏడ్చింది, పదోసారికి కుదిరింది. ఎదురు తిట్టడం నేర్పలేదు, తిట్టుకు తిట్టు వస్తే వెనుక సీట్లకు అది ఆట అవుతుంది.

బడికి తిరిగి పంపడంలో బస్సునూ బడినీ విడదీశాం. ఆమెకు బడికన్నా బస్సు భయం ఎక్కువ. మొదటి వారం మేనమామ బండి మీద దింపి తెచ్చాడు. రెండో వారం పొద్దున బస్సు, సాయంత్రం బండి. మూడో వారం రెండుపూటలా బస్సు. నొప్పి వస్తే ఒకటే నియమం: జ్వరం, వాంతి, విరేచనాలు లేకపోతే బడి. ఉండిపోతే ఇంట్లో మంచమే, ఫోనూ టీవీ ఉండవు. తిట్లు కూడా ఉండవు. తిట్లు లేకపోవడమే తల్లికి కష్టమైంది.

ఫ్లెక్సీని తీసేయమని మేనమామకు చెప్పడం అన్నిటికన్నా కష్టమని తల్లి అనుకుంది. ప్రేమతో పెట్టినవాడు, ఖర్చు పెట్టుకున్నవాడు. పాప గీసిన పటం ఆయనకు చూపించమన్నాను, ఏమీ చెప్పొద్దన్నాను. ఆ రాత్రే నిచ్చెన తీసుకుపోయి విప్పాడు. ఇప్పుడది బర్ల కొట్టం మీద ఉంది, బొమ్మ లోపలికి. ఫొటోగ్రాఫరుకు తల్లి ఫోన్లోనే రాసి పంపింది, వీడియో తీసేయమని. రెండుసార్లు అడిగాక తీశాడు. ఆ తర్వాత ఇంట్లో ఒక నియమం వచ్చింది: పాప ఫొటో ఏ స్టేటస్‌లో పెట్టాలన్నా ముందు ఆమెకు చూపించాలి. నానమ్మ కూడా పాటిస్తోంది, కొంచెం గునుస్తూ.

ఇంట్లో మాటలకు రెండు మార్పులు. ఒకటి, బస్సు దిగాక ఇరవై నిమిషాలు ప్రశ్నలు లేవు. ఉడకబెట్టిన పల్లికాయో మక్కలో గిన్నెలో పెట్టి ఉంటాయి. తల్లి ఒక్క మాట అనొచ్చు, "వచ్చినవా బిడ్డా." బాక్సు సంగతి అయిదున్నర తర్వాత. ఇది రెండో రోజుకే తేడా చూపించింది, నేను అనుకున్నదానికన్నా తొందరగా.

రెండోది, ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం మానుకోవడం. ఈ వయసు పిల్లలు కళ్లలోకి చూస్తూ అడిగితే నోరు మూస్తారు, చేతిలో పని ఉంటే తెరుస్తారు. రోజూ ఎనిమిదింటికి పాప మిషన్ పక్కన చాప మీద కూర్చుని బ్లౌజులకు హుక్కులు కుట్టాలి, బ్లౌజుకు రెండు రూపాయలు. ఇద్దరి చూపులూ సూది మీదే. తొమ్మిది రోజులు ఏ మాటా లేదని తల్లి ఫోన్ చేసింది, ఆపేయమంటారా అని. ఆపొద్దన్నాను. పదకొండో రోజు పాప దారం కొరుకుతూ అడిగిందట: "అమ్మా, నీకెప్పుడైంది?" తల్లి పెడల్ ఆపలేదు. ఆపితే పాప లేచిపోతుందని తెలుసు. తనకు పన్నెండేళ్లకు పత్తి చేన్ల అయిందని, చెడ్డ రోగమనుకుని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదని కుడుతూనే చెప్పింది.

తండ్రి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసేవాడు, తల్లి స్పీకర్ పెట్టి ఆ రోజు నేరాలన్నీ చదివేది. రోజూ ఒక పంచాయితీ. మొదటి ఐదు నిమిషాలు ఫోన్ పాప చేతికివ్వాలని, తల్లి ఆ గదిలో ఉండొద్దని చెప్పాను. ఏం మాట్లాడాలో తెలియట్లేదని తండ్రే ఇబ్బంది పడ్డాడు. పాపే దారి చూపింది, "ఇయ్యాల ఎన్ని ఎకరాలు కోసినవ్ డాడీ?" అని.

ఫోన్ ఒప్పందం ఏడో వారంలో మళ్లీ రాశాం. మొదటిదానికీ దీనికీ గంటల్లో తేడా లేదు. అప్పటికి వీడియో పోయింది, అంతే.

మళ్లీ జారిన చోటు

సంక్రాంతి తర్వాత మూడు రోజులు వరసగా బడి మానింది. అందరూ బస్సులో ఏదో అయిందనుకున్నాం. కొలతల బుక్కు తెప్పించి చూస్తే దొడ్డి గీతలో ఆరు రోజులు ఖాళీ. పొడి అలవాటవుతుందని పక్కింటివాళ్లంటే తల్లి పది రోజుల కిందట ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ఎప్పుడు ఎట్లా తగ్గించాలో డాక్టరు చేత తేదీలతో రాయించాం.

బడి మానిన రోజులు: డిసెంబరులో 5, జనవరిలో 3, ఫిబ్రవరిలో 1. హిమోగ్లోబిన్ మూడు నెలలకు 12.1. ఐరన్ నిల్వల కోసం ఇంకో మూడు నెలలు వాడమన్నారు. గొడవలు రెండు వారాలకు 17 ఉన్నవి ఐదుకు వచ్చాయి. పోలేదు. మార్చిలో లెక్కల పరీక్షలో 11 వస్తే 17 అని చెప్పింది, ఒకటిని ఏడు చేసి. తల్లి కంగారుగా ఫోన్ చేసింది, మళ్లీ మొదటికొచ్చిందని. దీనికి నా దగ్గరికి రానక్కర్లేదన్నాను.

నేను మార్చుకున్నవి

నా ఫారంలో "మెచ్యూర్ అయిందా" అన్న గడి తీసేసి నాలుగు ప్రశ్నలు పెట్టాను: ఫంక్షన్ చేశారా, ఫొటోలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఫ్లెక్సీ ఇంకా ఉందా, ప్యాడ్ మార్చడం ఎవరు నేర్పారు. ఫోన్ గడిలో గంటలతో పాటు "నిన్న ఆఖరున ఏం చూశావు" అని చేర్చాను. బడి ఎగ్గొట్టే ఏ అమ్మాయి వచ్చినా నీళ్ల సీసా ఇంటికి ఎట్లా వస్తుందో అడుగుతున్నాను. తల్లి అబద్ధమనుకోదు, పిల్ల సిగ్గుపడదు, జవాబు కచ్చితంగా వస్తుంది. మలం చార్టు టేబుల్ మీద అద్దం కింద పెట్టాను. మొదటి రోజు తల్లి ఎంత ఒత్తిడి పెట్టినా, మందు డబ్బాల తాళం తప్ప ఇంకే సలహా ఇవ్వట్లేదు. రెండు వారాల రాత వచ్చాకే మొదలు.

ఏప్రిల్‌లో ఆఖరి విజిట్. పోయేముందు పాప తల్లి సంచిలోంచి కొలతల బుక్కు తీసి, వెనుక పేజీలు చూపించి, ఇవి చింపెయ్యొచ్చా అని అడిగింది. బ్లౌజులకు వచ్చినవాళ్లు తిరగేస్తున్నారట. నా ఫైల్లో నకలుందని, అది బీరువాలో ఉంటుందని, అదీ వద్దంటే తీసేస్తానని చెప్పాను. కొంచెంసేపు ఆలోచించింది. నకలు ఉండనియ్యమంది. పేజీలు మాత్రం కత్తెరతో కుట్టు దగ్గరికి కత్తిరించింది, పక్క పేజీలోని చాతీ 36, చేతి పొడవు 9 పోకుండా.